నాలుగో పేజీ

గార్లదిన్నె,
9 జులై 2006

ఫరీన్‌కు,

ఇన్నేళ్ల తర్వాత ఉత్తరమేమిటి, ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. మా ఫోన్ ముందు గదిలో కంప్యూటర్ పక్కనే ఉంది. నేను అడగబోయేది మా అబ్బాయి గిరి వినకూడదు.

గిరి పదో తరగతికి వచ్చాడని, వేసవిలో కంప్యూటర్ కొని ఫోన్ లైన్ మీద నెట్ పెట్టించాం. ఆయన హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తారు కాబట్టి ఆయనకూ పనికొస్తుందనుకున్నాం. పదిహేను రోజుల కింద మా ఊరి పిల్లలు ముగ్గురు అనంతపురంలో ఒక నెట్ సెంటర్లో చూడకూడనివి చూస్తూ పట్టుబడ్డారు. ఆ సెంటర్ అతను తండ్రులను పిలిపించి, పదిమందిలో నిలబెట్టి మాట్లాడాడట. ముగ్గురిలో ఒకడు గిరి పక్కన కూర్చునే పిల్లవాడు. వాడిప్పుడు బడి మానేసి గొర్రెల వెంట పోతున్నాడు.

ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆయనైతే మరీను. "మనం ఊరి పిల్లోళ్లకు బుద్ధి చెప్పేటోళ్లం. మన ఇంట్లోనే ఇట్లాటిది జరిగితే ముఖాన ఉమ్మేస్తారు. అట్లాటివి తెరుచుకోకుండా ఏదో ఉంటాదంట గదా, ఆ ఫరీన్‌ను అడుగు" అన్నారు.

నువ్వు బడులకు కంప్యూటర్లు పెట్టించే పనిలోనే ఉన్నావు కదా. మా ఇంటికి ఏది మంచిదో చెప్పు. పల్లవికి తొమ్మిదేళ్లు. అది కూడా అన్న పక్కన కూర్చుని ఏవో నొక్కుతూ ఉంటుంది.

ఇక్కడ ఇంకా ఒక పదును వాన కూడా లేదు. విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి.

సరళ

*

బెంగళూరు,
20 జులై

సరళా,

నీ చేతిరాత చూసి ట్రైనింగ్ హాస్టల్ గది గుర్తొచ్చింది. సంతోషం తర్వాత, ముందు నీ పని చూద్దాం.

ఇవి చాలా రకాలు. కొన్నింటిలో చెడ్డ సైట్ల జాబితా ఒకటి ఉంటుంది, అందులో ఉన్నవాటిని తెరవనివ్వవు. కానీ అట్లాంటివి రోజూ కొత్తవి పుడుతుంటాయి, జాబితా ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. కొన్ని మాటల్ని పట్టుకుంటాయి. ఒక ఆడపిల్లల బడిలో అట్లాంటిది పెట్టాం. రొమ్ము క్యాన్సర్ గురించి డాక్టర్లు రాసిన పేజీని మూసేసింది. తెలుగు బూతుల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మాత్రం దానికి అర్థం కాలేదు, హాయిగా పోనిచ్చింది. ఇంకో రకం ఉంది. అది ఆపినా ఆపకపోయినా అన్నీ రాసిపెడుతుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ పేజీ, అన్నీ. తర్వాత కాగితం మీద అచ్చు తీసుకోవచ్చు.

ఈ చివరిది నాకు నచ్చదు. ఇంట్లో వాళ్ల వెనక ఇంట్లో వాళ్లే నిఘా పెట్టుకున్నట్టుంటుంది. నన్నడిగితే జాబితా ఉన్నది చాలు. దానికి తోడు గిరిని కూర్చోబెట్టుకుని నువ్వే మాట్లాడు. పదిహేనేళ్ల పిల్లవాడికి శరీరం గురించి ఎవరో ఒకరు చెప్పాలి, మీరు చెప్పకపోతే నెట్ చెప్తుంది.

ఏది కావాలో రాయి, సీడీ పంపుతాను.

ఫరీన్

*

గార్లదిన్నె,
30 జులై

ఫరీన్‌కు,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. ఆయన నీ మాటే అన్నారు. "జాబితాది చాలు. రాసిపెట్టేదెందుకు? మన పిల్లోడేమన్నా దొంగనా?" కొడుకు మీద ఆయనకు అంత నమ్మకం ఉందని నాకప్పటిదాకా తెలియదు. మనసుకు హాయిగా అనిపించింది.

అయినా నాకు నిద్ర పట్టేట్టు లేదు. జాబితా ఎప్పుడూ వెనకబడే ఉంటుందని నువ్వే రాశావు. రెండూ చేసేది ఏదైనా ఉంటే అదే పంపు. రాసిపెట్టే సంగతి నేను ఎవరికీ చెప్పను, ఆయనకు కూడా. నువ్వూ చెప్పొద్దు. గిరితో మాట్లాడమన్నావు. తల్లి కొడుకుతో ఏమని మాట్లాడుతుందే అవన్నీ? ఈ యంత్రమే చూసుకోనీ.

సరళ

*

గార్లదిన్నె,
3 సెప్టెంబరు

ఫరీన్‌కు,

సీడీ వచ్చింది. నువ్వు రాసిచ్చినట్టే ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయాను. కరెంటు రెండుసార్లు పోయి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. పాస్‌వర్డ్ నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న గిరి వచ్చి, "అమ్మా, జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠానికి బొమ్మలు గావల్ల. పేజీ తెరుచుకోల్యా" అన్నాడు. ముఖం ఎర్రగా చేసుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. నేనే పాస్‌వర్డ్ కొట్టి పక్కన కూర్చున్నాను. వాడు బొమ్మలు గీసుకున్నాడు. "పువ్వులవి గూడా మూసేస్తాదామ్మా ఇది?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఈ ఏడాదిలో మేమిద్దరం కలిసి నవ్వింది అదే.

రాసిపెట్టేదాన్ని ఇంకా తెరిచి చూడలేదు. చూడాల్సిన అవసరం రాకూడదనే అనుకుంటున్నాను.

విత్తిన చెనిక్కాయ పైరు మొలకలోనే ఎండిపోయింది. ఊళ్లో సగంమంది మీ బెంగళూరుకే పనులకు వస్తున్నారు.

సరళ

*

బెంగళూరు,
12 సెప్టెంబరు

సరళా,

అన్నీ సరిగ్గా పెట్టుకున్నందుకు సంతోషం. ఒక చిన్న సలహా. పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటే మేలు. వీలైతే మార్చేసి నీ దగ్గరే ఉంచుకో. ఎందుకని అడగొద్దు, బడుల్లో మేము అట్లాగే చేస్తాం.

గిరికి నా ఆశీస్సులు. వాణ్ణి అట్లాగే నవ్వనీ.

ఫరీన్

*

గార్లదిన్నె,
28 నవంబరు

ఫరీన్,

అక్షరాలు కుదరకపోతే ఏమీ అనుకోకు.

పోయిన ఆదివారం కాదు, దాని ముందు ఆదివారం. ఆయన బజారుకు వెళ్లినప్పుడు ఆ రాసిపెట్టేదాన్ని మొదటిసారి తెరిచాను. రాయడానికి సిగ్గుగా ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వరసగా, వారానికి రెండు మూడు రోజులు. పేజీల పేర్లు చూస్తేనే అవేమిటో తెలిసిపోయింది. అంతా అచ్చు తీసి, ఆయన రాగానే చేతికిచ్చాను. "చూడు, నీ కొడుకు ఏం చేస్తాండాడో" అన్నాను.

ఆయన కాగితాలు తిప్పి చూశారు. "ఇది రాసిపెడ్తాదని నాకు చెప్పల్యా?" అని అడిగారు. తర్వాత గిరిని పిలిచారు. వాడు అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. కాగితాలు వాడి ముఖాన కొట్టి, "చదువు. గట్టిగా చదువు" అన్నారు. వాడు తేదీలు చదవడం మొదలుపెట్టాడు. "నేను కాదు నాయనా" అన్నాడు. మళ్లీ చదవమన్నారు. చదువుతూ చదువుతూ ఏదో చెప్పబోయాడు. అప్పుడు కొట్టారు. ఒక్క దెబ్బే, ఎడమ చెంప మీద. వాడు తలుపుకు తగిలి కిందపడ్డాడు. చెవిలోంచి రక్తం వచ్చింది.

అనంతపురం తీసుకెళ్లాం. కర్ణభేరి చిరిగిపోయిందన్నారు. తర్వాత చీము పట్టింది. ఇప్పుడు ఎడమ చెవి దాదాపు వినపడటం లేదు. డాక్టర్ అడిగితే సైకిల్ మీద నుంచి పడ్డాడని ఆయన చెప్పారు. గిరి కాదనలేదు.

కానీ ఊళ్లో మాత్రం ఆయనే చెప్పుకొచ్చారు, కొడుకు చెడిపోయాడని. వాళ్ల అన్న హనుమంతప్పకు, గిరి బడి హెడ్‌మాస్టరుకు, అందరికీ. వాణ్ణి అనంతపురంలో ఒక హాస్టల్లో వేశారు. వెళ్లేటప్పుడు వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు ఒక్కటి చెప్పు. ఈ కాలం పిల్లలు ఆ పాస్‌వర్డ్‌ను ఎట్లాగైనా పగలగొట్టగలరా? అచ్చు తీసిన కాగితాలు దీంతోపాటు పెడుతున్నాను. నువ్వు చూస్తే నీకు తెలుస్తుంది.

జవాబు నేను పాఠాలు చెప్పే బడి చిరునామాకు రాయి, ఇంటికి వద్దు.

సరళ

*

బెంగళూరు,
8 డిసెంబరు

సరళా,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గిరి చెవి గురించి ఇక్కడ ఒక మంచి డాక్టరును కనుక్కుంటాను, రిపోర్టులు పంపు.

కాగితాలు చూశాను. నువ్వు అడిగినదానికి జవాబు: ఎవరూ ఏదీ పగలగొట్టలేదు. పగలగొట్టాలని చూస్తే తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టిన గుర్తులుంటాయి. ఒక్కటీ లేదు. ప్రతిసారీ మొదటి దెబ్బకే సరైన పాస్‌వర్డ్ కొట్టి తాళం తీశారు. పని అయ్యాక మళ్లీ వేశారు.

గిరికి పాస్‌వర్డ్ ఎట్లా తెలిసింది? నువ్వు పాఠం కోసం కొట్టినప్పుడు చూసి ఉండొచ్చు. ఉండొచ్చు అని మాత్రమే అంటున్నాను.

ఇంకొకటి. ప్రతి కాగితం కింద, మొత్తం ఆరు పేజీల్లో ఇది ఎన్నోదో అచ్చయి ఉంది. నువ్వు పంపినవి ఐదు. నాలుగో పేజీ లేదు. పొరపాటున అక్కడే ఉండిపోయిందా?

ఫరీన్

*

గార్లదిన్నె,
15 డిసెంబరు

ఫరీన్‌కు,

నాలుగో పేజీ ఎక్కడో పోయింది. ఇంక ఈ విషయం వదిలేద్దాం. జరిగిందేదో జరిగిపోయింది. ఆయన కూడా బాధపడుతున్నారు, సరిగ్గా తినడం లేదు. మా ఇంటి సంగతి మేము చూసుకుంటాం. నీకు శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోకు.

సరళ

*

బెంగళూరు,
17 జనవరి 2007

సరళా,

వదిలేయమన్నావు. నెల రోజులు వదిలేసి చూశాను. నా వల్ల కావడం లేదు. నీకు చెప్పకుండా దాచింది నా దగ్గర ఒకటుంది. ఇది చదివాక నాతో మాట్లాడవద్దనుకుంటే నేను అడగను.

ఆగస్టు నెలాఖరులో మీ ఆయన రామాంజులు గారు మా ఆఫీసుకు ఫోన్ చేశారు. సీడీ పంపిన వారం పది రోజులకు. ముందు నా యోగక్షేమాలు అడిగారు. మా నాయన మాబు సాబ్ ఆరోగ్యం అడిగారు. తర్వాత, "అమ్మా, బడి పనికి ఒకోసారి దాన్ని కొంచెంసేపు ఆపాల్సి వస్తాది. ఎట్ల ఆపల్ల?" అన్నారు. చెప్పాను. "ఇది రాసిపెట్టేది కాదు గదా?" అని అడిగారు. కాదన్నాను. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి కాదన్నాను. "నిజంగా కాదు గదామ్మా?" అని మళ్లీ అడిగారు. మళ్లీ కాదన్నాను.

రెండోసారి అడిగినప్పుడే నాకు అర్థమైంది. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను సరళా, ఆ గొంతు నాకు తెలుసు. కానీ ఒక కాపురంలో వేలు పెట్టడమెందుకని ఊరుకున్నాను. పాస్‌వర్డ్ మార్చుకోమని మాత్రం రాశాను. అది రాసి, నా వంతు చేసేశాననుకున్నాను.

పోయినసారి కూడా, గిరి చూసి ఉండొచ్చు అని రాశాను. నమ్మి రాయలేదు. నువ్వు అదే వినాలనుకుంటున్నావని రాశాను.

నేను సెప్టెంబరులోనే చెప్పి ఉంటే ఆ పిల్లవాడి చెవి దక్కేది.

ఫరీన్

*

గార్లదిన్నె,
11 ఫిబ్రవరి

ఫరీన్,

నీ ఉత్తరాన్ని బడిలో చదివాను. పిల్లలకు ఎక్కాలు రాయమని చెప్పి, వెనక్కి తిరిగి బోర్డు వైపు నిలబడి చదివాను.

మొదట నీ మీద మండిపోయాను. తప్పంతా నీ మీద వేసేయడానికి మూడు రోజులు ప్రయత్నించాను. కుదరలేదు. నువ్వు విన్నది ఫోన్లో ఒక గొంతు. నేను చూసింది నా కళ్లెదుటే.

నాలుగో పేజీ పోలేదు. కందిపప్పు డబ్బాలో ఉంది. అందులో నవంబరు నాలుగో తేదీ ఉంది. శనివారం, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. ఆ రోజు గిరి వాళ్ల క్లాసుతో లేపాక్షి వెళ్లాడు. రెండు రోజుల ప్రయాణం. నేను పల్లవిని తీసుకుని రాప్తాడులో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. ఇంట్లో ఉన్నది ఆయన ఒక్కరే.

గిరి ఏదో చెప్పబోయాడని రాశాను. ఏం చెప్పబోయాడో నీకు రాయలేదు. వాడు ఆ తేదీ చదివి ఆగాడు. తలెత్తాడు. "నాయనా, ఆ పొద్దు నేను లేపాక్షిలో" అన్నాడు. ఆ మాట మీదనే దెబ్బ పడింది. మాట పూర్తి కాకూడదని కొట్టిన దెబ్బ అది. నాకు అప్పుడే తెలిసింది. వాడు కింద పడకముందే తెలిసింది.

వాడి చెవికి గుడ్డ అదిమిపెట్టి, రెండో చేత్తో ఆ కాగితం తీసి మడిచి కొంగులో దాచుకున్నాను. ఎందుకు దాచానో అడిగితే చెప్పలేను. వాడి కోసం కాదు.

పాస్‌వర్డ్ పగలగొట్టొచ్చా అని నిన్ను అడిగింది కూడా, నువ్వు పగలగొట్టొచ్చు అని రాస్తావన్న ఆశతోనే. ఆ మాట ఒక్కటి కాగితం మీద ఉంటే, నాలుగో పేజీని పొయ్యిలో వేసేద్దామనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు, తట్ట పక్కన ఆ కాగితం పెట్టాను.

"యాడిదిది?" అన్నారు.

"ఆ పొద్దు గిరి లేపాక్షిలో ఉన్నాడు. నేను రాప్తాట్లో ఉన్నా."

తట్ట పక్కకు జరిపారు. తర్వాత, "మగోడు ఏదో చూసింటాడు. దానికేమిప్పుడు?" అన్నారు.

"చూసినందుకు కాదు. పిల్లోని చెవి తీసినందుకు. చెడిపోయినాడని వాని పేరు ఊరంతా చెప్పినందుకు."

"కావాలని కొట్టలేదే నేను. చెయ్యి అట్ల లేసిపాయ."

"పోయి వానికి చెప్పు. నువ్వు చెప్తే నేను ఎవరికీ చెప్పను."

"తండ్రి మొగం వాడు మళ్లా ఎట్ల చూడల్ల?" అని ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు ఫరీన్. పదిహేడేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. జాలి కూడా వేసింది. కానీ పోతానని మాత్రం అనలేదు. చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయారు.

ఇరవై రోజులు చూస్తాను. ఆయన వెళ్లకపోతే నేనే వెళ్తాను.

సరళ

*

రాప్తాడు,
9 మార్చి

ఫరీన్‌కు,

చిరునామా మారింది, చూశావు కదా. పల్లవితో అమ్మ దగ్గర ఉంటున్నాను. బస్సులో బడికి వెళ్లి వస్తున్నాను.

ఆయన వెళ్లలేదు. ఈ ఇరవై రోజుల్లో గిరికి రెండు కొత్త చొక్కాలు కొని హాస్టలుకు పంపారు, అంతే.

వచ్చేముందు మా బావ హనుమంతప్ప ఇంటికి వెళ్లాను. పల్లవి బడిలో ఉన్న వేళ చూసుకుని వెళ్లాను. వాకిట్లో నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను, గిరి ఏ తప్పూ చేయలేదని, ఆ రోజు ఇంట్లో ఎవరున్నారో కూడా. మా బావ లేచి నిలబడి, "ఏమ్మా సరళా, ఇంట్లో మాట ఇంట్లో ఉండల్ల గదమ్మా. మొగుని పరువు ఇట్ల వాకిట్లో పారేస్తావా?" అన్నాడు.

"గిరి మాట ఇంట్లో ఉండిందా బావా? ఊరంతా మీరే చెప్తిరి గదా" అన్నాను.

బావ భార్య బయమ్మక్క నీళ్లు తెచ్చి ఇవ్వబోయి, బావ చూపు చూసి ఆగిపోయింది. నన్ను ఇప్పుడు ఊళ్లో ఎవరూ పలకరించడం లేదు. ఆయన్ను పలకరిస్తున్నారు.

ఆదివారం హాస్టలుకు వెళ్లాను. నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళ. పిల్లలంతా బకెట్లతో వరసలో ఉన్నారు. గిరి తన బకెట్ వరసలో పెట్టి వచ్చి, వరండా మెట్ల మీద నాకు కుడి చెవి వైపు తిరిగి కూర్చున్నాడు. సన్నబడ్డాడు. మీసం వస్తోంది.

దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. ఏవీ గుర్తు రాలేదు. "ఆ పొద్దు అవి చూసింది నువ్వు కాదు నాయనా. మీ నాయన" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు తెలిసెరా?"

"ఆ పొద్దే. తేదీ చదివినప్పుడు నాయన మొగం చూసినా. మళ్ల నీ మొగం చూసినా. నీకు గూడా తెలిసిపాయనని నాకు తెలుసు."

"మరి డాక్టరుకు చెప్పకపోతివి. నాకన్నా చెప్పకపోతివి."

"నువ్వు చెప్తావని చూస్తాంటి" అన్నాడు.

కోపంగా అనలేదు. బస్సు కోసం చూశానన్నట్టు అన్నాడు. నవంబరు పోయింది, డిసెంబరు పోయింది, నేను పప్పు డబ్బా తీస్తూ మూస్తూ వంట చేశాను. అన్నాళ్లూ ఆ మెట్ల మీద వాడు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రమ్మన్నాను, రాప్తాడుకు, అమ్మమ్మ దగ్గరికి. "పరీక్షలు అయిపోనీ, చూస్తాలే" అన్నాడు. క్షమించు అన్నాను. వరసలో వాడి బకెట్ ముందుకు జరిగిందని ఎవరో కేకేశారు. లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"పల్లవికి తెలుసా?"

"లేదు."

"దానికి చెప్పొద్దమ్మా. దానికింకా నాయన గావల్ల."

అని వెళ్లి వరసలో నిలబడ్డాడు. నేను బస్సెక్కేదాకా అటు తిరిగే ఉన్నాడు.

సరళ